నాలుకల పుస్తకం

తిండి తినకుండా వచ్చినవాళ్ళుంటే ముందు తినేసి రండి. విన్నాక ముద్ద దిగలేదని నన్ను తిట్టుకోవద్దు. ఇది ఎవరో చెబితే విన్నది కాదు... ఎక్కడో చదివింది కాదు. నాకు జరిగింది. కామాటిపురలో, మా ఒంటిగది ఖోలీలో, నేను బట్టలు ఇస్త్రీ చేసుకునే బల్ల మీద జరిగింది. పిల్లల మీద ఒట్లు పెట్టేవాళ్ళంటే నాకు చిరాకు. అందుకని నా నాలుక మీద ఒట్టు. ఒక్క ముక్క అబద్ధమైనా ఇది పుచ్చిపోనీ.

నాకు ఎంగిలి పడదని మీకు తెలుసు. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరు కొరుకుతుంటే మొహం తిప్పుకుంటాను. మా ఆయన తాగిన గ్లాసును వేడినీళ్ళతో కడిగితే గానీ ముట్టను. "గింత అసహ్యమున్నదానివి నన్నెట్ల చేసుకున్నవే?" అని ఆయన వేళాకోళమాడతాడు. అలాంటిదానికి దేవుడు ఏం పని ఇచ్చాడో చూడండి. పాత బొమ్మల పుస్తకాలు వెతికి వేలానికి పెట్టడం. లోకంలోని మురికంతా పాత పుస్తకాల్లోనే ఉంటుంది. పుటల మధ్య నలిగి ఎండిపోయిన బొద్దింకలు... ఎవరివో తల వెంట్రుకలు, నూనెతో సహా... నశ్యం తుమ్ములు. ఒకసారి పక్షుల పుస్తకంలో నెమలి బొమ్మ మీద ఎవరో చీమిడి తుడిచి పెట్టారు. గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకి తీసింది ఈ చెయ్యే.

ఈ పని నాకు మా శంకరయ్య మామ నేర్పాడు. ఫాక్‌లాండ్ రోడ్డు చివర ఆయనకు పాత కాగితాల దుకాణం ఉండేది. తూకానికి వచ్చిన చెత్తలో నుంచి మంచి బొమ్మల పుస్తకాన్ని వాసన చూసి పట్టేవాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. విద్య మాత్రం దాచుకోలేదు. ఆయన పోయాక నేను ఫోర్ట్‌లో ఒక వేలంపాట కంపెనీకి పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టాను. వాళ్ళు వాటికి ఫొటోలు తీసి, నంబరు వేసి, పాటకు పెడతారు. మనిషి చదువు చూడరు అక్కడ. పుస్తకంలో ఒక్క బొమ్మ తక్కువైనా, ఒక్క మరక ఎక్కువైనా మొహం మీదే చెప్పేస్తారు.

ఇక అసలు సంగతి. మా పక్క చాల్‌లో, అంటే అలాంటి ఖోలీలే వరసగా ఉండే పాత బిల్డింగులో, మల్లమ్మ పెద్దమ్మ ఉండేది. రక్తసంబంధం ఏమీ లేదు, మా నాయనమ్మ వాళ్ళూ వాళ్ళూ పాలమూరు నుంచి ఒకే రైల్లో వచ్చారట. భర్త నాగ్‌పాడాలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి చనిపోయాడు. పిల్లల్లేరు. ఒక సాయంత్రం నన్ను పిలిపించుకుంది.

"బిడ్డా, గీ బిల్డింగ్ పడగొడ్తరంట. బదులు నాలుగో మాలా మీద ఖోలీ ఇస్తమంటున్నరు. గన్ని మెట్లు నేనెక్కుతనా? ఎక్కితే మల్ల దిగుతనా?" అంది. తన మోకాళ్ళ మీద తానే కొట్టుకుంది.

"మరి ఏం చేద్దామంటవ్ పెద్దమ్మా?"

"కిందంగ ఒక్క ఖోలీ చూసుకున్న. గల్లీ మీదికే తలుపు. పైసలు కావాలె. నా తాన గిదొక్కటే ఉన్నది. డాక్టర్ సాబ్ దవాఖాన బంద్ చేసేటప్పుడు మీ పెదనాయినకు ఇచ్చిండు. చూడు, అమ్ముడు పోతదా?"

మంచం కింద రేకు పెట్టె లాగాను. లోపల గుడ్డలో చుట్టిన పెద్ద పుస్తకం. ముడి విప్పాను. తోలు అట్ట. తెరిచాను... మళ్ళీ మూసేశాను.

నాలుకలు.

ఎప్పటిదో విలాయతీ వైద్యుల పుస్తకం అది. నోటికి వచ్చే జబ్బుల బొమ్మలు. రాతి అచ్చు వేసి, తర్వాత మనుషులు కూర్చుని కుంచెలతో ఒక్కొక్క బొమ్మకూ రంగులు అద్దినవి. ఒక్కో పుటకు ఒక్కో నోరు. మొహం లేదు, కళ్ళు లేవు. పెదాలు, పళ్ళు, బయటికి చాపిన నాలుక... అంతే. ఒకటి పగుళ్ళు బారింది. ఒకదాని మీద తెల్లటి పొర పెరుగులా పేరుకుంది. ఒకటి నల్లగా ఉంది, దానికి నూగు మొలిచింది. ఇంకొకదాని అంచున పుండు, పుండులో చీము. ఆ చీముకు కూడా ఎంత శ్రద్ధగా రంగు వేశాడో మహానుభావుడు. పైగా తడిగా కనబడాలని నాలుకల మీద పల్చగా జిగురు పూసేవాళ్ళు ఆ రోజుల్లో. ఇన్నేళ్ళయినా ఆ జిగురు మెరుస్తోంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను.

కానీ పనిమంతురాలిని కదా. బొమ్మలన్నీ ఉన్నాయి. ఒక్కటీ చిరగలేదు. ఇలాంటివాటి కోసం పడి చచ్చే పెద్ద పెద్ద డాక్టర్లు ఉన్నారు, డ్రాయింగ్ రూముల్లో పెట్టుకుంటారట. వాళ్ళ రుచికో దండం. ఒక్కటే లోపం. ప్రతి పుట కింది మూలా గోధుమరంగుకు తిరిగి జిడ్డుగా ఉంది. ఎవరో వేలు నాలుకకు రాసుకుని తిప్పీ తిప్పీ చేసిన మురికి. పెదనాయిన పనే అనుకున్నాను.

కంపెనీలో పుస్తకాలు చూసే మేడమ్ కూడా అదే పట్టుకుంది. మూలలు ఇలాగే ఉంటే నాలుగు పుస్తకాల కట్టలో కలిపి పెడతామంది. శుభ్రంగా ఉంటే దీనికి సొంత నంబరు, వాళ్ళ వేలం జాబితాలో రంగు ఫొటో. కట్టలో పోతే పెద్దమ్మకు కింది ఖోలీ రాదు. నాలుగో అంతస్తే గతి. బాగు చేసి తెస్తానని పుస్తకం వెనక్కి తెచ్చుకున్నాను. చివరికి మేడమ్, రేపు పొద్దున ఫొటోలు తీస్తున్నాం, అప్పటికి తెచ్చేయండి అని ఫోన్ చేసింది.

మీకు నవ్వు రావచ్చు, కానీ కాగితం మీది జిడ్డు తీయడానికి మా పనిలో వాడేది ఉమ్మి. నీళ్ళు తగిలితే రంగు పారుతుంది. మందు పెడితే వాసన పట్టేస్తారు. అగ్గిపుల్లకు పత్తి చుట్టి, నాలుక మీద తడి చేసుకుని, మరక మీద మెల్లగా దొర్లించాలి. జిడ్డు దానంతట అదే పత్తికి వస్తుంది. ఎంగిలంటే పారిపోయేదానివి ఇదెలా చేస్తావని అడగకండి. ఎవరి కంపు వారికి ఇంపు. మామ నాకు ఇది నేర్పేటప్పుడు ఒక్క మాటే గట్టిగా చెప్పాడు.

"కాగితానికి తాకిన పత్తి మల్ల నోట్లకు పోవద్దు. పారేయ్. కొత్తది సుట్టు. చెయ్యి నొచ్చినా సరే, కొత్తదే సుట్టు."

ఆ రాత్రి మా ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళాడు. బయట వాన. వరండాలో కట్టిన ప్లాస్టిక్ పట్టా మీద టపటపమని పడుతోంది. నేను బల్ల ముందు కూర్చుని మూలలు తుడుస్తున్నాను. ఒక మూల... పత్తి గోధుమరంగు... పారేయ్. కొత్తది. ఇంకో మూల. పక్కన పత్తి ఉండలు కుప్ప అవుతున్నాయి. ప్రతిసారీ ఎదురుగా ఒక నోరు తెరుచుకుని, నాలుక చాపి, నన్నే చూస్తున్నట్టు ఉంది. కళ్ళు లేకుండా ఎలా చూస్తుందని అడగకండి. చూస్తోంది, అంతే.

నల్ల నాలుక పుట దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూతలు పడుతున్నాయి. తుడిచాను. చాల్లేదు. ఇంకాస్త తడి కావాలి... చెయ్యి దానంతట అదే పైకి లేచింది. వాడిన పత్తి. అదే పత్తి. నాలుక మీద పెట్టేసుకున్నాను.

ఆ రుచి... ఎలా చెప్పాలి. మురికి రుచి కాదు. కాగితం రుచీ కాదు. ఉప్పగా, కాస్త తియ్యగా, గోరువెచ్చగా. పొద్దున లేచాక పళ్ళు తోముకోని మనిషి నోరు ఎలా ఉంటుందో అలా ఉంది. నాది కాని నోరు. నా నోట్లో ఉంది.

గది మూల గిన్నెలు కడుక్కునే మోరీ దగ్గరికి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. ఉప్పుతో తోమాను. పేస్టుతో తోమాను. సబ్బు కూడా పెట్టాను, చెప్పడానికి సిగ్గేముంది. రుచి పోలేదు. ఇక ఆ పుస్తకం ముట్టబుద్ధి కాలేదు. సగం పుటలు ఇంకా మిగిలే ఉన్నాయి. తెల్లవారుజామున లేచి చేద్దాంలే అనుకుని, పుస్తకం మూసి, లైటు తీసేసి అటక ఎక్కాను. మా ఖోలీల్లో పైన చెక్క అటక ఉంటుంది, పడక అక్కడే. చెక్కల మధ్య సందులుంటాయి. పడుకుని కిందికి చూస్తే బల్ల కనబడుతుంది.

నిద్ర పట్టిందో లేదో తెలియదు. వాన ఆగింది. అప్పుడు వినబడింది.

చప్...

పిల్లి ఏమో అనుకున్నాను. పాలగిన్నె మూత పెట్టానా లేదా అని ఆలోచిస్తున్నాను. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ... చప్. ఆ వెంటనే... సర్ర్.

ఆ రెండో చప్పుడు నాకు తెలుసు. రోజంతా వినే చప్పుడే. మందపాటి పాత కాగితం తిరిగితే అలా ఉంటుంది.

కదలలేదు. ఊపిరి బిగబట్టాను. చెక్కల సందుకు కన్ను ఆనించాను. వరండా బల్బు వెలుతురు తలుపు పైనున్న జాలీలోంచి కొంచెం బల్ల మీద పడుతోంది. పుస్తకం తెరిచి ఉంది. నేను మూశాను. నాకు బాగా గుర్తు, మూసి పైన ఇస్త్రీ దుప్పటి కప్పాను. దుప్పటి మడతపెట్టి పక్కన ఉంది.

బల్ల దగ్గర ఎవరూ లేరు.

చప్... చూస్తుండగానే, కుడివైపు పుట మూల నల్లబడింది. మెల్లగా... ఎవరో బొటనవేలితో తడి అద్దినట్టు. తడి కాగితంలోకి ఇంకింది. ఆ మూల కొంచెం లేచింది. ఆగింది. ఆ తర్వాత పుట తిరిగి ఎడమవైపు పడింది... సర్ర్. తొందరేమీ లేదు. తీరిగ్గా చదువుకునే మనిషి తిప్పినట్టు తిరిగింది. మళ్ళీ కాసేపు ఏమీ లేదు. బొమ్మ చూస్తున్నారనుకుంటాను. చప్...

కేక వేద్దామని నోరు తెరిచాను. రాలేదు. నాలుక అంగిలికి అంటుకుపోయింది. నోట్లో చుక్క తడి లేదు. మింగుదామంటే గొంతు అట్టముక్కలా ఉంది. ఒక్కో చప్పుడుకీ నా నోరు ఇంకా ఎండిపోతోంది. కింద ఎంత తడి అవుతుంటే పైన నాకు అంత ఎండుతోంది... నేను అప్పుడే గమనించాను. మీరు నమ్మినా నమ్మకపోయినా గమనించాను.

నిజం చెప్పనా? కిందికి దిగేదాన్ని కాదు. తెల్లారేదాకా దుప్పటి ముసుగు పెట్టుకుని అక్కడే పడి ఉండేదాన్ని. కానీ తడి అలా ఇంకితే రంగు పారుతుంది. ఒక్క బొమ్మ పాడైనా కట్టలోకి కూడా తీసుకోరు. మల్లమ్మ పెద్దమ్మ తన మోకాళ్ళ మీద కొట్టుకోవడం కళ్ళ ముందు కనబడింది. ఆ ముసలిదాని దగ్గర ఇంకేమీ లేదు. తిట్టుకుంటూ నిచ్చెన మీద కాలు పెట్టాను. ఎవరిని తిట్టానో తెలియదు. పుస్తకాన్నో, మామనో, నన్నో.

నేల మీద కాలు పెట్టగానే చప్పుడు ఆగిపోయింది.

లైటు వెయ్యలేదు. వేస్తే ఏం కనబడుతుందో అని భయం. బల్ల దాకా వెళ్ళి పుస్తకం మీద చెయ్యి వేశాను... వెచ్చగా ఉంది. పుట మూల జిగటగా వేలికి అంటుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటే తీగలా సాగింది. సన్నగా, తెగకుండా. ఇప్పుడు చెబుతుంటే కూడా నాకు వేళ్ళు జలదరిస్తున్నాయి. చీరకు తుడుచుకున్నాను. ఆ చీర తర్వాత కాల్చేశాను.

పుస్తకం మూసి, దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు నా ఒళ్ళోంచి... మూసిన అట్టల మధ్య నుంచి... మెత్తగా... చప్.

వదల్లేదు. వదిలితే తెరుచుకుంటుందని వదల్లేదు. నల్లాలో నీళ్ళు వచ్చే వేళ దాకా, వరండాలో ఆడవాళ్ళ బకెట్ల చప్పుడు వినబడేదాకా అలాగే కూర్చున్నాను. ఎవరో ఎవరినో వరుస తప్పావని తిడుతున్నారు. ఆ తిట్లు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు నాకు.

వెలుతురులో తెరిచి చూశాను. తడి లేదు. ముడత లేదు. ఒక్క రంగు పారలేదు. మూలలు తెల్లగా ఉన్నాయి. నేను తుడిచినవే కాదు... అన్నీ. మొదటి పుట నుంచి చివరి పుట దాకా. జిడ్డు పేరుకైనా లేదు. నాలుకల మీది జిగురు మాత్రం ఇంకాస్త మెరుస్తోంది, నిన్నటి కన్నా.

మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి అంతా విన్నాడు. నన్ను ఎగాదిగా చూశాడు.

"నిద్రల లేచి నువ్వే చేసినవేమో. నాలికతోని."

"థూ. నోరు మూస్కో."

"మరి నాలిక సాపు, చూస్త."

అద్దం ముందు నాలుక చాపాను. మధ్యలో గోధుమరంగు చార. ఆ పత్తి పెట్టుకున్నాను కదా, దానిది అయ్యుంటుందని చెప్పాను. ఆయన మొహం తిప్పుకున్నాడు. నేను కూడా మళ్ళీ అద్దం చూడలేదు.

పుస్తకం ఇచ్చేశాను. మేడమ్ మూలలు చూసి, ఎవరితో బాగు చేయించారు, చాలా మంచి పనితనం అంది. తల ఊపాను. సొంత నంబరు వచ్చింది, రంగు ఫొటో వచ్చింది.

పాటకు ముందు రోజు కొనేవాళ్ళు వచ్చి పుస్తకాలు చూసుకుంటారు. నేనూ వెళ్ళాను, ఓ మూల నిలబడ్డాను. తెల్ల చొక్కా పెద్దమనిషి ఒకాయన, పళ్ళ డాక్టరట, ఆ పుస్తకం ముందు కూర్చున్నాడు. రెండు పుటలు తిప్పాడు. మూడోది అతుక్కున్నట్టుంది. ఏ ఆలోచనా లేకుండా చూపుడువేలు నోట్లో పెట్టుకుని, తడి చేసుకుని, తిప్పాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. ఈసారి ఆగాడు. పెదాలు చప్పరించాడు... ఏదో గుర్తు తెచ్చుకుంటున్నవాడిలా. మళ్ళీ పెట్టుకున్నాడు.

రెండడుగులు వేస్తే ఆయన చెయ్యి పట్టుకోవచ్చు. సార్, వద్దు, నోట్లో పెట్టుకోవద్దు అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకని అడుగుతాడు. ఏం చెప్పను? చెబితే పుస్తకం వెనక్కి వస్తుంది. పెద్దమ్మ తలుపు గల్లీ మీదికి ఉండదు. నిలబడ్డచోటే నిలబడ్డాను. మర్నాడు పాటలో ఆయన చెయ్యి దించనే లేదు. ఆయనే కొన్నాడు.

మల్లమ్మ పెద్దమ్మ కింది ఖోలీలోకి మారింది. పాలు పొంగించిన రోజు వెళ్ళాను. గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వచ్చేపోయేవాళ్ళందరినీ పలకరిస్తోంది. ఇక ఇప్పుడైనా అడుగుదామని పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా నాకొక ధైర్యం ఉంది. అది పెదనాయినే అయ్యుంటాడు, తన పుస్తకం పోతోందని చివరిసారి చూసుకున్నాడు అనుకుంటున్నాను. తెలిసిన మనిషి కదా, పోనీలే అని.

"పెద్దమ్మా, పెదనాయిన గా పుస్తకం సూసేటప్పుడు వేలు తడి చేసుకునేటోడా?"

"ఆయన యాడ సూసిండు బిడ్డా? డాక్టర్ సాబ్ ఇయ్యంగనే గుడ్డల సుట్టి పెట్టెల ఏసిండు. గలీజ్ బొమ్మలు, ఇంట్ల ఎవ్వరు తెరవొద్దన్నడు. నువ్వొచ్చి ముడి విప్పేదాంక దాని మొహం నేను సూడలె."

"మరి డాక్టర్?"

"ఏమో మరి. ఆయన నోటికి ఎప్పుడు గుడ్డ కట్టుకునే ఉంటుండె. మా ఆయన గూడ ఆయన మొహం మొత్తం సూడలేదంట." అని నవ్వింది. "గవన్నీ ఇప్పుడెందుకు? ఇగో, చాయ్ తాగు."

చాయ్ తీసుకున్నాను. అది ఎవరో నాకు తెలియదు. డాక్టరో... డాక్టరు కన్నా ముందటి ఎవరో... నిద్రలో నేనేనో. ఒక్కటి మాత్రం తెలుసు, ఆ కొన్నాయన ఫోన్ నంబరు కంపెనీలో అడిగితే ఇస్తారు. ఆ రోజు ఆ గుమ్మంలో కూర్చుని, నంబరు అడిగి ఆయనకు సంగతి చెప్పేయాలనే అనుకున్నాను. పెద్దమ్మ గోడ పట్టుకోకుండా లేచి, నాలుగడుగులు వేసి, గల్లీలో నిలబడి నన్ను చూసి నవ్వింది. అడగాలన్న మాట మింగేశాను. నోట్లో తడి లేదు, చాయ్‌తోనే మింగాను.

ఇప్పటికీ అడగలేదు.